పొయ్యి మీద గిన్నె, వేటలో మనిషి: బాటిల్ చెఫ్ బ్రిగేడ్ అనే కంప్యూటర్ ఆటతో తొలి ఐదు గంటలు

గడియారంలో ఒక్క నిమిషం మిగిలింది. ఇద్దరు న్యాయనిర్ణేతలు. ఒకరికి నీటి రుచి ఇష్టం, మరొకరికి నిప్పు రుచి. నీటి వంటకం అప్పటికే బల్ల మీద ఉంది. రెండో గిన్నెలో నిప్పు రుచికి గుర్తైన ఎర్రరాళ్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి, మూడోది లేదు. సరుకుల గదిలో వెతికితే అన్నీ పచ్చవీ నీలివీ. వంటశాల వదిలి బయటికి పరుగెత్తాను, అడ్డొచ్చిన మృగాన్ని నాలుగు దెబ్బల్లో పడగొట్టాను, రాలిన మాంసం ఏరుకుని వెనక్కి వచ్చాను. గిన్నెలో వేసి ఒక్క తిప్పు తిప్పితే మూడు ఎర్రరాళ్లూ కలిసి ఒకటైపోయాయి. వడ్డించి చేయి తీశానో లేదో గంట మోగింది.

అరచేతులు చెమట పట్టి ఉన్నాయి. ఆ చెమట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్నగారు తణుకు చుట్టుపక్కల పెళ్లిళ్లకు వంటలు చేసే మేస్త్రి. సెలవుల్లో పందిరి వెనక గాడిపొయ్యి దగ్గరే నా మకాం. బంతి కూర్చోవడానికి పావుగంట ముందు వంటవాళ్ల మొహాల్లో ఒక బిగువు కనిపిస్తుంది. అప్పుడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, తెడ్ల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఒక కంప్యూటర్ ఆటలో ఆ బిగువు నాకు దొరుకుతుందని అనుకోలేదు. అందుకే ఆట ఇంకా పూర్తి కాకుండానే, ఐదు గంటలకే రాయడానికి కూర్చున్నాను.

బాటిల్ చెఫ్ బ్రిగేడ్ కొత్త ఆట కాదు. అమెరికాలోని చికాగో నగరంలో ట్రింకెట్ స్టూడియోస్ అనే చిన్న బృందం తయారు చేసింది. 2014లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర చందాలు సేకరించి మొదలుపెట్టి, 2017 నవంబరులో కంప్యూటర్‌కీ నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రానికీ విడుదల చేశారు. ప్రచురించింది అడల్ట్ స్విమ్ గేమ్స్. మరుసటి ఏడాది డీలక్స్ పేరుతో మరికొన్ని హంగులు చేర్చి ప్లేస్టేషన్ 4కూ తెచ్చారు. నేను ఆడుతున్నది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న ఆ డీలక్స్ ఆటే, లాప్‌టాప్ మీద, కంట్రోలర్‌తో.

దీని పుట్టుక వెనక జపాన్ టెలివిజన్ కార్యక్రమం ఐరన్ చెఫ్ ఉంది. 1993లో మొదలైన ఆ పోటీలో అప్పటికప్పుడు ఒక ముఖ్య పదార్థాన్ని ప్రకటిస్తారు, ఇద్దరు వంటవాళ్లు గంట సమయంలో దానితో రకరకాల వంటకాలు చేసి పెడతారు. ఈ ఆటలోనూ అదే పద్ధతి. తేడా ఒక్కటే. అక్కడ పదార్థం పళ్లెంలో పెట్టి చూపిస్తారు, ఇక్కడ అది కోరలతోనో రెక్కలతోనో బయట తిరుగుతూ ఉంటుంది. దాన్ని మనమే వేటాడి తెచ్చుకోవాలి. ప్రతి వంటకంలోనూ ఆ ముఖ్య పదార్థం ఉండి తీరాలి. ఎంతమంది న్యాయనిర్ణేతలుంటే అన్ని వంటకాలు, ఒక్కొక్కరి ఇష్టానికి తగినట్టు.

మనం ఆడే అమ్మాయి పేరు మీనా హాన్. పల్లెటూళ్లో సొంతవాళ్ల భోజనశాలలో వంట చేసుకుంటూ పెరిగింది. విక్టూసియా అనే రాజ్యంలో బ్రిగేడ్ అంటే వేటా వంటా రెండూ తెలిసినవాళ్ల దళం, అందులో చేరడమంటే పెద్ద గౌరవం. ఇంట్లో చేసిన వంటే చేస్తూ రోజులు వెళ్లిపోతుంటే ఉండబట్టక, ఆ దళంలో చేరాలని బ్రిగేడ్ పట్టణానికి బయలుదేరుతుంది. కథ ఎత్తుగడ ఇంతే. పెద్ద మలుపులేవీ నాకింకా తగల్లేదు గానీ, ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు ఆ పిల్ల మొహంలో కనిపించే బెదురు, మొండితనం రెండూ నిజంగా ఉన్నాయి.

ఇప్పుడు గిన్నె దగ్గరికి వద్దాం. ఈ ఆట ప్రాణం అక్కడే ఉంది.

గిన్నె అంటే నాలుగు వరుసలు, నాలుగు నిలువులు, మొత్తం 16 గళ్లు. వేటలో తెచ్చిన ప్రతి ముక్కలోనూ కొన్ని రంగురాళ్లు ఉంటాయి. ఎరుపు నిప్పుకు, నీలం నీటికి, పచ్చ మట్టికి. ముక్కను గిన్నెలో వేస్తే దాని రాళ్లు గళ్లలో కూర్చుంటాయి. ఆ తర్వాత మనం చేసే పని కలపడం. పక్కపక్కనున్న నాలుగు గళ్లను చతురస్రంగా పట్టుకుని తిప్పుతాం, నాలుగు రాళ్లూ తలా ఒక గడి జరుగుతాయి. ఒకే రంగు, ఒకే స్థాయి ఉన్న రాళ్లు మూడు పక్కపక్కన చేరితే కరిగి, పై స్థాయి రాయి ఒక్కటవుతాయి. అలాంటి మూడు కలిస్తే ఇంకా పై స్థాయి. స్థాయి పెరిగే కొద్దీ వంటకం విలువ పెరుగుతుంది.

వినడానికి ఇది ఫోన్లలో అందరూ ఆడే రంగుల ఆటలాగే ఉంటుంది. కానీ ఇక్కడ పై నుంచి రాళ్లు వాటంతట అవి రాలి పడవు. ఏ రాయి వచ్చినా మనం వేటాడి తెచ్చిందే, మనం ఎంచుకుని వేసిందే. ఒక మూల కదిపితే అటు పక్కన అమర్చుకున్నది చెదిరిపోతుంది. అందుకే గబగబా తిప్పేవాళ్లకు ఇది లొంగదు. మొదటి గంటంతా నేను తిప్పుతూనే ఉన్నాను, గిన్నెనిండా ఒకటో స్థాయి రాళ్లే మిగిలాయి. ఆ తర్వాత చేయి ఆపి, ముందు చూసి, ఏ మూలలో ఏ రంగు పోగు చేయాలో అనుకుని కదిపితే, అదే సరుకుతో రెండింతల వంటకం వచ్చింది.

ముట్టుకుంటే పగిలే రాళ్లు కొన్ని పదార్థాలలో ఉంటాయి. కదిపిన కొద్దీ బీటలు వారి చివరికి పోతాయి. ఇవి తగిలిన మొదటి పోటీలో వాటిని ముందే గిన్నెలో వేసి మిగతావాటి కోసం తిప్పుతూ కూర్చున్నాను. అన్నీ పగిలిపోయాయి. రెండోసారి ఆడుతుంటే మా ఇంటి పనసపొట్టు కూర గుర్తొచ్చింది. పనసపొట్టు ఉడికి, చింతపండు పులుసు పట్టి, పోపు పడి, గుండిగ పొయ్యి మీంచి దించాక గానీ నాన్నగారు ఆవ ముద్దను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆవ వేడి మీద పడితే చేదెక్కుతుంది. దించాక, ఆవిరి తగ్గాక, నూనెతో కలిపి వేసి, తెడ్డుతో అడుగు నుంచి పైకి రెండంటే రెండుసార్లు తిప్పి వదిలేయాలి. పగిలే రాళ్లకూ అదే మర్యాద ఇచ్చాను. మిగతా గిన్నె అంతా సర్దుకున్నాక, వాటికి కావలసిన చోటు ఖాళీ పెట్టి, చిట్టచివర వేసి ఒక్క తిప్పు. నిలిచాయి. ఏ పదార్థం ఎప్పుడు పడాలన్నది వంటలో సగం విద్య. ఆ విద్యను ఒక్క మాట కూడా చెప్పకుండా చేతికి నేర్పింది ఈ ఆట.

వంటపాత్రల సంగతి కూడా చెప్పాలి. పోటీకి ముందు ఏ పాత్రలు తీసుకెళ్లాలో మనమే ఎంచుకోవాలి, అన్నీ తీసుకెళ్లడానికి చోటుండదు. ఒకే రంగుకు పనికొచ్చే మూకుళ్లున్నాయి. నిప్పు మూకుడులో ఎర్రరాళ్లు రెండు చేరితే చాలు, కలిసిపోతాయి. మిగతా రంగులు మాత్రం అందులో కలవనే కలవవు. అక్కరలేని రాళ్లను కోసి తీసేయడానికి ఒక పీట ఉంది. ఒక న్యాయనిర్ణేతకు రెండు రుచులూ సమానంగా కావాలంటే నిప్పు మూకుడు పనికిరాదు, మామూలు గిన్నే మేలు. నాన్నగారు పెళ్లికి పెద్ద గంగాళాలు బండికెక్కిస్తూ ఏది ఎందుకో చెప్పేవారు. పులిహోరకు వెడల్పు గిన్నె, పులుసుకు లోతు గుండిగ. ఆ ఎంపికలు ఇంటి దగ్గరే జరిగిపోవాలి, పందిట్లోకి వెళ్లాక దిద్దుకోలేం.

మూడో రోజు సాయంత్రం నేను ఆడుతుంటే నాన్నగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయనకిప్పుడు 71 ఏళ్లు, వంటలు మానేసి చాలా కాలమైంది. కాసేపు ఏమీ అనకుండా చూశారు.

"ఏమిటమ్మా ఇది, ఆ పిల్ల పొయ్యి మీద గిన్నె పెట్టి ఎక్కడికి పోయింది?"

"సరుకు తేవడానికి నాన్నా. ఆ మృగాన్ని కొట్టి మాంసం తెస్తుంది."

"సరుకు ముందే తెచ్చుకోవాలి కదా. ఇప్పుడు పోయి, ఎప్పుడొచ్చి, ఎప్పుడు దించుతుంది?"

నేను నవ్వలేదు. ఆయన అన్నది అక్షరాలా ఈ ఆటలో గెలుపు సూత్రం. మొదట్లో నేను ఒక జంతువును కొట్టి, పరుగెత్తుకొచ్చి, గిన్నెలో వేసి, మళ్లీ పరుగెత్తేదాన్ని. సగం సమయం దారిలోనే పోయేది. ఆ సాయంత్రం ఆయన మాట పట్టుకుని, ముందుగా బయట మోయగలిగినంత సరుకు ఏరుకుని, సరుకుల గది నింపి, అప్పుడు పొయ్యి వెలిగించాను. అయినా చివర్లో ఒకటో రెండో తక్కువ పడతాయి, ఒక పరుగు తప్పదు. ఆ ఒక్క పరుగు దేనికోసమో ఖచ్చితంగా తెలిసి వెళ్లడంలో ఉంది నేర్పు. మీసాల వెనక నాన్నగారి పెదవులు కదులుతున్నాయి. ఆయన రాళ్లు లెక్కపెడుతున్నారు.

వంటా వేటా కలిపిన ఆటలు ఇదివరకూ ఉన్నాయి. క్యాప్‌కామ్ వాళ్ల మాన్‌స్టర్ హంటర్ 2004 నుంచీ ఉంది. అందులో ఇనుప చువ్వకు మాంసం గుచ్చి పాటకు తగ్గట్టు తిప్పి కాల్చడం ఎంతో ముచ్చటగా ఉంటుంది, వేటకు వెళ్లే ముందు పిల్లులు వండి పెట్టే భోజనం చూస్తే నోరూరుతుంది. కానీ అక్కడ భోజనం వేటకు బలమిచ్చే మందు. అసలు పని వేటే. ఈ ఆటలో వేట వంట కోసం. ఏ మృగాన్ని పడగొట్టాలన్నది దాని బలాన్ని బట్టి కాక, దాని ఒంట్లో ఏ రంగు రాయి ఉందన్నదాన్ని బట్టి నిర్ణయించుకుంటాం. పెద్ద మృగం ఎదురుగా ఉన్నా, నాకు కావలసింది పచ్చరాయి అయితే, దాన్ని తప్పించుకుని మొక్కల వైపు పరుగెడతాను. ఒక వంటింటి మనిషి అడవిని చూసే చూపు అది.

పోరాటం మాత్రం వంటంత లోతుగా లేదు. మీనా కత్తి విసురుతుంది, ఎగిరి కొడుతుంది, శత్రువును గాలిలోకి లేపి అక్కడే వరుసగా దెబ్బలు వేస్తుంది. చేతికి హాయిగా ఉంటుంది, మీటలు చురుగ్గా స్పందిస్తాయి. రెండు గంటలు గడిచేసరికి చాలా జంతువులకు ఒకే వరుస దెబ్బలు సరిపోతున్నాయని తెలిసిపోయింది. వేటాడే చోటు కూడా చిన్నదే. నాకు ఇంకొంచెం వైవిధ్యం కావాలనిపించింది. ఒక్కో మృగానికి ఒక్కో కిటుకు ఉంటే, చేపకు గాలం, పిట్టకు వల అన్నట్టు, వేట కూడా వంటకు సరితూగేది.

నా మనసులో ఉన్న పెద్ద లోటు ఇంకొకటి. రుచులు మూడే. నిప్పు, నీరు, మట్టి. ఉగాది పచ్చడి నాలుక మీద పెట్టుకుని పెరిగినవాళ్లకు మూడు రుచుల ప్రపంచం ఇరుకుగా ఉంటుంది. పులుపు ఎక్కడ? వగరు ఎక్కడ? ఉప్పు అన్న మాటే లేని వంటను నేను మొదటిసారి చూస్తున్నాను. నిప్పు అంటే కారమేనా, లేక బాగా కాల్చిన రుచా? ఆట చెప్పదు. వంటకం పేరు తెర మీద పడుతుంది, బొమ్మ కనిపిస్తుంది, దాని రుచి మాత్రం రంగుల లెక్కలోనే ఉండిపోతుంది. వండుతున్నప్పుడు ముక్కుకు వాసన తగిలినట్టు ఊహించుకోవడానికి ఈ రంగులు నాకు సాయం చేయలేదు.

కానీ తినేవాళ్ల విషయంలో ఈ ఆట నా ఫిర్యాదును సగానికి తగ్గించింది. ఒకే వంటకం ఒక న్యాయనిర్ణేత దగ్గర గెలిచి మరొకరి దగ్గర ఓడిపోతుంది. నేను ఎంతో కష్టపడి మూడో స్థాయి ఎర్రరాళ్లతో చేసిన వంటకాన్ని మట్టి రుచి కోరిన మనిషి ముందు పెడితే, ఆ కష్టానికి తగిన మార్కులు రాలేదు. మన చేతివాటం ఎంత గొప్పదైనా, ఎదుటి మనిషి నాలుకకు నచ్చకపోతే అది వృథా. మా నాన్నగారు వంటకు ఒప్పుకునేటప్పుడు ముందుగా అడిగేది మనుషులెందరని కాదు, వియ్యాలవారు ఎటు వైపు వారని. ఒకసారి ఒక పెళ్లిలో ఆ సంగతి పెళ్లివారు తప్పు చెప్పారు. గోదావరి వైపు వారనుకుని పులుసులో బెల్లం పడేశారు. వచ్చినవాళ్లు పులుసు గిన్నె పక్కకు జరిపేశారు. పులుసు బాగానే ఉంది, తినేవాళ్లే వేరు. నాన్నగారు ఆ రాత్రి అన్నం తినలేదు. మట్టి రుచి న్యాయనిర్ణేత నా పళ్లెం చూసి తల అడ్డంగా ఊపిన క్షణంలో నాకు ఆ రాత్రే కళ్లముందు మెదిలింది.

పట్టణంలో పోటీలు లేని వేళ చిన్నచిన్న పనులు ఉంటాయి. ఒకచోట భోజనశాలలో వచ్చినవాళ్లు అడిగినట్టు త్వరగా వండి పెట్టాలి. మరోచోట వేటలో సాధన. ఇంకోచోట గిన్నె చిక్కుముడులు, ఉన్న రాళ్లతోనే కోరిన ఫలితం రాబట్టాలి. ఈ చిక్కుముడులు నాకు బాగా నచ్చాయి, అసలు పోటీల్లో చేయి తిరగడానికి ఇవే కారణం. కష్టపడితే డబ్బు వస్తుంది, డబ్బుతో కొత్త పాత్రలూ సరుకులూ కొనుక్కోవచ్చు. మొదటి రెండు గంటలు ఈ పనులు కొంచెం బడిలో కూర్చోబెట్టినట్టు ఉంటాయి. కొంత ఓపిక పట్టండి.

థ్రాష్ గురించి చెప్పకుండా ఉండలేను. అతను ఓర్క్ అనే కల్పిత రాక్షసజాతి మనిషి. కొండంత ఒళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు. ఇలాంటి కథల్లో ఆ జాతి వాళ్లు ఎప్పుడూ ఊళ్లు తగలబెట్టే దుర్మార్గులే. ఇక్కడ అతను భార్యాపిల్లలున్న గృహస్థు, నెమ్మదైన మాట, వంటంటే ప్రాణం. మీనాకు పట్టణంలో మొదట అండగా నిలిచేది అతనే. తర్వాతి భాగంలో కొంతసేపు అతనిగా కూడా ఆడవచ్చు, అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. మీనా చేతిలో కత్తి గాలిలా తిరుగుతుంటే, అంత ఒళ్లున్న మనిషి పిడికిళ్లతో ఎలా వేటాడతాడో చూడాలి.

బొమ్మలన్నీ చేత్తో గీసినవి. నీటిరంగులు అద్దినట్టున్న వెనుక దృశ్యాలు, సన్నని గీతలతో మనుషులు. వడ్డించిన ప్రతిసారీ వంటకం నిండు బొమ్మగా తెర మీద కనిపిస్తుంది. కాల్చిన మాంసం మీద మెరుపు, పులుసు మీద తేలే ఆకు, పక్కన పచ్చిముక్కలు. గెలిచానో ఓడానో చూడకుండా ముందు ఆ పళ్లేన్నే చూస్తాను. కథలోని మనుషులకు గొంతులు పెట్టారు, ఎవరూ నాటకంలా అరవరు.

మాటలన్నీ ఆంగ్లంలోనే అర్థం చేసుకోవాలి, తెలుగు లేదు. కథ మీద ఆసక్తి ఉన్న పిల్లలకు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉండాలి. గిన్నె ఆటకు మాత్రం భాష అక్కరలేదు, రంగులు తెలిస్తే చాలు. మా నాన్నగారే దానికి సాక్ష్యం. కీబోర్డు మీద కూడా ఆడి చూశాను. వేటకు ఇబ్బంది లేదు గానీ, గిన్నెలో తిప్పేటప్పుడు వేళ్లు తడబడ్డాయి. కంట్రోలర్ ఉంటే దానితోనే ఆడండి. ఒకే తెర మీద ఇద్దరు పోటీ పడే వీలు డీలక్స్‌లో ఉంది, రెండో కంట్రోలర్ మా తమ్ముడి దగ్గర నుంచి తెప్పిస్తున్నాను. మృగాలను చంపి వండటం మనసుకు పట్టనివారికి ఇది సరిపడదు. మొక్కలూ పండ్లూ దొరుకుతాయి గానీ, ముఖ్య పదార్థం ఎక్కువగా ప్రాణమున్నదే.

నిన్న రాత్రి పోటీలో ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. మూడు పళ్లేలు, ముగ్గురివీ మూడు దారులు. రెండుసార్లు ఓడిపోయాను. రెండుసార్లూ మూడో పళ్లెం దగ్గరే సమయం అయిపోయింది. లాప్‌టాప్ మూసేస్తుంటే నాన్నగారు మంచం మీంచే అడిగారు.

"కష్టమైన వంటకం ఎన్నోదిగా చేస్తున్నావు?"

"చివర్లో నాన్నా."

"అది ముందు ఎక్కించు. తేలికది చివర ఎవరైనా దించుతారు."

ఈ రాత్రి అలాగే ఆడతాను.